మా ఫియట్‌ని అమ్మేశాం

మా ఇంట్లో దాన్ని ఎవరూ కారు అనేవాళ్ళు కాదు. ఫియట్ అనేవాళ్ళం. "ఫియట్ తుడిచారా?", "గొడుగు ఫియట్‌లోనే ఉండిపోయింది", "ఫియట్ తాళాలు ఎక్కడ పెట్టావు?" ఇలా. నిజానికి దాని డిక్కీ మీద ఉన్న పేరు ప్రీమియర్ పద్మిని. ఇటలీ ఫియట్ వాళ్ళ 1100 బండినే బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు తయారు చేసేవాళ్ళు. ఫియట్‌తో ఒప్పందం ముగిశాక కొన్నాళ్ళు ప్రెసిడెంట్ అన్నారు, 1974 నుంచి పద్మిని అన్నారు. జనం మాత్రం ఫియట్ అనడం మానలేదు. చిత్తోడ్ రాణి పద్మిని పేరు పెట్టారని నాన్న ఒకసారి చెబితే, మా మేనత్త "మన చిత్తూరేనా?" అని అడిగింది. ఆ మాట మా ఇంట్లో ఇరవై ఏళ్ళు నడిచింది.

ఆ ఫియట్‌ని 2025 జూన్‌లో అమ్మేశాం. 39 ఏళ్ళు మా దగ్గర ఉంది. అమ్మిన సంగతి తెలిసి బంధువులు, మిత్రులు చాలామంది ఫోన్ చేశారు. "అయ్యో, ఎందుకు అమ్మారు? మీ నాన్న గుర్తు కదా" అన్నవాళ్ళే ఎక్కువ. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పాం. మొత్తం ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి కాస్త సిగ్గుగా కూడా ఉండింది. అందుకే ఇప్పుడు ఒక్కచోట రాసి పెడుతున్నాం.

మాది హిందూపురం. యలహంకలో రైలు చక్రాలు, ఇరుసులు తయారుచేసే ఫ్యాక్టరీ 1984లో మొదలైంది. నాన్న ఆ మొదటి రోజుల్లోనే అక్కడ ఉద్యోగానికి వచ్చారు. అప్పటి యలహంక బెంగళూరు కాదు, బెంగళూరుకి పోయే దారిలో ఒక ఊరు. ఒక పక్క పాత ఊరు, చెరువు. ఇంకో పక్క హౌసింగ్ బోర్డు వాళ్ళు గీతలు గీసి వదిలిన న్యూటౌన్. ఆ పైన వైమానిక దళం వాళ్ళ స్థలం. సాయంత్రం ఏడు దాటితే మెజెస్టిక్ నుంచి బస్సు దొరకడం దేవుడి దయ.

1986లో నాన్నకి తెలిసిన ఒకాయన బదిలీ మీద ఉత్తరాదికి పోతూ బండి అమ్ముతానన్నారు. అప్పటికే పన్నెండేళ్ళ బండి. 1974 మోడల్, లేత నీలం రంగు. రాష్ట్రం పేరు మైసూరు నుంచి కర్ణాటకగా మారిన మరుసటి ఏడు కొన్నదే అయినా, నంబరు మాత్రం పాత మైసూరు 'ఎం' తోనే మొదలయ్యేది. నాన్న ప్రావిడెంట్ ఫండ్ నుంచి అప్పు తీసి 26,000 కట్టారు. అమ్మ రెండు నెలలు మాట్లాడలేదు. ఇంట్లో ఫ్రిజ్ లేదు, కుట్టు మిషను లేదు, కారు వచ్చింది. "నడిచిపోయే దూరంలో ఫ్యాక్టరీ ఉంటే కారెందుకప్పా?" అని మా అమ్మమ్మ కూడా అడిగిందట. నాన్న జవాబు ఒక్కటే: "ఫ్యాక్టరీకి కాదు, ఊరికి."

అన్నట్టే ఆయన ఫ్యాక్టరీకి సైకిల్ మీదే పోయేవారు. ఫియట్ ఊరికి.

యలహంక నుంచి హిందూపురం సుమారు తొంభై కిలోమీటర్లు. రాజానుకుంటె, దొడ్డబళ్ళాపురం, మాకళిదుర్గం కొండలు, గౌరిబిదనూరు, విదురాశ్వత్థం, ఆ తర్వాత మన ఊరు. ఇప్పుడు రెండు గంటల్లోపే పోతారు. అప్పుడు మాకు మూడున్నర, నాలుగు గంటలు. ముందు సీటు ఇప్పటిలా రెండు ముక్కలు కాదు, ఒకటే పొడుగు సీటు. గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది కాబట్టి మధ్యలో కూడా ఒకరిని కూర్చోబెట్టవచ్చు. ముందు నాన్న, మాలో చిన్నవాడు, తాత. వెనక అమ్మ, అమ్మమ్మ, అక్క, ఇంకో ఇద్దరు ఎవరో. కాళ్ళ కింద సంచులు. కిటికీకి ముందు మూలన చిన్న ముక్కోణం అద్దం ఉండేది, దాన్ని వెనక్కి తిప్పితే గాలి నేరుగా మొహం మీదికి కొట్టేది. ఆ అద్దం పక్కన ఎవరు కూర్చోవాలన్నదే మా చిన్నప్పటి పెద్ద తగాదా.

ఎండాకాలంలో దొడ్డబళ్ళాపురం దాటాక ఎక్కడో ఒకచోట బండి ఆగేది. ఇంజను వేడికి పంపులో పెట్రోలు ఆవిరైపోయి కార్బురేటర్‌కి అందదు. నాన్న బానెట్టు ఎత్తి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేవారు. పది నిమిషాలు ఆగితే మళ్ళీ నడిచేది. ఆ గుడ్డ కోసం అమ్మ పాత చీర ముక్క ఒకటి, చెంబుడు నీళ్ళు ఎప్పుడూ సిద్ధంగా పెట్టేది. ఆ పది నిమిషాల్లో మాకు పులిహోర పొట్లం విప్పేది. చాలా ఏళ్ళ వరకు బండి ఆగేది పులిహోర తినడానికే అనుకునేవాళ్ళం.

విదురాశ్వత్థంలో నాగప్రతిష్ఠల దగ్గర దణ్ణం పెట్టుకోవడం తప్పనిసరి. 1938 ఏప్రిల్‌లో అక్కడ జెండా ఎత్తిన జనం మీద కాల్పులు జరిగాయని, దాన్ని దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటారని నాన్న ప్రతిసారీ చెప్పేవారు. ఆయనకి చెప్పిన సంగతే మళ్ళీ చెప్పే అలవాటు ఉండేది. మాకు అందుకే ఇంకా గుర్తుంది.

అసలు పాఠం అక్కణ్ణించి మొదలయ్యేది. మేము ముగ్గురం చదివింది యలహంకలో. బడిలో ఇంగ్లీషు, కన్నడ, హిందీ. తెలుగు ఇంట్లో మాట్లాడటమే గాని రాయడం, చదవడం లేదు. గౌరిబిదనూరు దాటి పోతుంటే దారి పక్క బోర్డుల మీద కన్నడం పోయి తెలుగు వస్తుంది. మొదటి తెలుగు బోర్డు కనిపించగానే నాన్న బండి నెమ్మది చేసేవారు. ఎవరు ముందు చదివితే వాళ్ళకి హిందూపురంలో రూపాయి. ఎరువుల దుకాణం, కిరాణా కొట్టు, సినిమా పోస్టరు, గోడ మీద ఎన్నికల రాతలు, అన్నీ మా వాచకాలే. కన్నడ అక్షరాలు వస్తే తెలుగు సగం వచ్చినట్టే. తలకట్టు తేడా, క, త, శ లాంటి కొన్ని అక్షరాల తేడా పట్టుకుంటే చాలు. అక్కయ్య ఒక్క ఏడాదిలో చదివేసింది. మేం మిగతా ఇద్దరం రెండేళ్ళు పట్టాం. ఏ బడికీ పోకుండా, ఏ పంతులూ లేకుండా మా ముగ్గురికీ తెలుగు చదవడం వచ్చిందంటే అది ఆ ఫియట్ కిటికీలోంచి వచ్చిందే.

బడిలో ఎవరైనా "మీరు తెలుగువాళ్ళు కదా, ఇక్కడివాళ్ళు కాదు కదా" అంటే, నాన్న దగ్గర దానికీ ఒక జవాబు ఉండేది. 1537లో బెంగళూరు కోట కట్టించిన కెంపేగౌడులు యలహంక ప్రభువులు. ఆయన పేరు మీద ఉన్న యక్షగానం 'గంగాగౌరీ విలాసం' తెలుగులోనిది. "ఈ ఊరు కట్టినాయనకే తెలుగు పరాయిది కాలేదు, మీకెట్ల అవుతుంది?" అనేవారు. ఆ మాట మేము ఎన్ని చోట్ల వాడుకున్నామో లెక్కలేదు.

తిరుగు ప్రయాణంలో డిక్కీ నిండా సరుకు. మామ బెల్లం మండీ నుంచి బెల్లం దిమ్మెలు, చింతపండు, ఎండుమిరప, వేరుశెనగ. బండి వెనక భాగం కిందికి కుంగి, ముందు దీపాలు చెట్ల కొమ్మల మీద పడేవి. యలహంకలో మా వీధి వాళ్ళు ఆ దీపాలు చూసి "ఆంధ్రా సామాను వచ్చింది" అనేవాళ్ళు. బెల్లం సగం వాళ్ళకే పోయేది.

1991లో న్యూటౌన్‌లో మాకు సొంత ఇల్లు అయింది. 30-40 స్థలం. కింద హాలు, వంటిల్లు, దేవుడి గది. పైన పడకగదులు, స్నానాల గది. వంటింటి గోడకి ఆనుకుని ఫియట్‌కి షెడ్డు. ఇల్లు గీయించేటప్పుడు కింద ఒక పడకగది వేయించుకుందామని అమ్మ అడిగింది. షెడ్డు చిన్నదవుతుందని నాన్న వద్దన్నారు. అమ్మ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ముప్పై నాలుగేళ్ళ తర్వాత ఎత్తింది.

ఆ మధ్యకాలంలో ఏం జరిగిందో అందరికీ తెలిసిందే. యలహంక బెంగళూరులో కలిసిపోయింది. హెబ్బాళ దగ్గర ఫ్లైఓవర్ వచ్చింది. 2008లో దేవనహళ్ళి విమానాశ్రయం తెరిచారు. బళ్ళారి రోడ్డు మీద బండ్లు విమానాలతో పోటీ పడటం మొదలుపెట్టాయి. గంటకి యాభై దాటితే వణికే ఫియట్‌ని ఆ రోడ్డెక్కించడం నాన్నకి భయమయ్యింది. మాలో ఒకరు డాలస్ పోయారు, ఒకరు హైదరాబాదు పోయారు, అక్క పెళ్ళయ్యి విద్యారణ్యపురలో ఉంది. మా అందరికీ కొత్త కార్లు వచ్చాయి.

అయినా ఆదివారం పొద్దున నాన్నకి ఫియట్ పూజ తప్పేది కాదు. బాట్రీ నీళ్ళు చూడటం, రేడియేటర్ నింపటం, ప్లగ్గులు విప్పి గరుకు కాగితంతో రుద్దటం, చోక్ లాగి స్టార్ట్ చేసి ఇంజను వేడెక్కేదాకా పక్కన నిలబడటం. ఆ తర్వాత చెరువు దాకా ఒక చుట్టు. 2020 మార్చి వరకు ఇదే. లాక్‌డౌన్‌లో ఒక నెల ఆగింది, రెండు నెలలు ఆగింది. 2021లో నాన్న పోయారు. ఫియట్ మళ్ళీ షెడ్డులోంచి బయటికి రాలేదు.

ఇక్కడే మా సిగ్గు సంగతి చెప్పాలి. నాన్న పోయిన కొత్తలో మేము ముగ్గురం కలిసి ఒక మాట అనుకున్నాం: "ఫియట్ మాత్రం అమ్మేది లేదు." చాలా గట్టిగా అనుకున్నాం. అనుకుని ఎవరి ఊళ్ళకి వాళ్ళం పోయాం. కవరు కప్పి పోయాం. నాలుగేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా ఎవరం స్టార్ట్ చేయలేదు. అక్క వారానికి ఒకసారి వచ్చేది, ఆ కవరు మీద ఆరేసిన బట్టలు తీసి మడతపెట్టి పోయేది. 2023 అక్టోబరు చివర్లో బొంబాయిలో ఆఖరి పద్మిని టాక్సీ రోడ్డు దిగిపోయిందని వార్త వచ్చింది. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆ రోజు కన్నీళ్ళ బొమ్మలు ఎన్ని పెట్టుకున్నామో చెప్పలేం. సరిగ్గా ఆ రోజుల్లోనే మా షెడ్డులో ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయి.

2025 సంక్రాంతికి అందరం ఇంట్లో కలిశాం. అమ్మకి డెబ్బై ఆరు. భోజనాలయ్యాక తీరిగ్గా చెప్పింది. "నాకు మెట్లు ఎక్కేకి కావడం లేదు. మోకాళ్ళు పోయినాయి. పొద్దున దిగినానంటే రాత్రి దాకా పైకి పోను. స్నానానికి పోవాలన్నా ఆలోచించుకోవాల్సి వస్తాంది. షెడ్డులో నాకొక రూము, బాత్రూము కట్టించండి."

అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా నోట్లోంచి మొదట వచ్చిన మాట మోకాళ్ళ గురించి కాదు. "మరి ఫియట్?"

ఆ తర్వాత రెండు నెలలు వీడియో కాల్స్‌లో గొడవలే. ఒకరు షెడ్డు వదిలేసి హాల్లో మంచం వేద్దామన్నారు. స్నానాల గది పైనే ఉంది కదా అంటే జవాబు లేదు. ఇంకొకరు బయట ఎక్కడైనా అద్దె షెడ్డు చూద్దామన్నారు. డాలస్ నుంచి ఇంకో ఆలోచన వచ్చింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. రుసుము 20,000, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో 'వీఏ' అని వస్తుంది. మన బండికి యాభై నిండింది కదా, అది చేయిద్దాం అన్నారు. తీరా చదివితే, ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీ పనులకి రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనలకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలుకో మాత్రమే తీయాలి. అమ్మ అంతా విని "అంటే ఇప్పుడెట్లుందో కాయితాల మీద కూడా అట్లే ఉంటుందన్నమాట" అంది.

లాల్ బహదూర్ శాస్త్రిగారి ఫియట్ కథ కూడా ఎత్తాం. 1964లో ప్రధానిగా ఉండి 12,000 పెట్టి ఫియట్ కొంటూ, చాలని 5,000 బ్యాంకు అప్పు తీసుకున్నారు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో ఆయన పోతే, ఆ అప్పుని లలితాశాస్త్రిగారు తన పింఛను డబ్బుతో తీర్చారు. ఆ కారు ఈరోజుకీ ఢిల్లీలో ఆయన స్మారకంలో ఉంది. "చూశావా అమ్మా, వాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉంచుకున్నారో" అన్నాం.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "ఆ కారును చూసేకి జనం వస్తారు. దీన్ని చూసేకి మీరే రారు కదప్పా."

ఆ మాటతో గొడవ ఆగిపోయింది.

అమ్మాలని నిర్ణయమయ్యాక కాగితాలు వెతికాం. ముందు సీటు కింద రేకు డబ్బాలో ఆర్సీ, పాత ఇన్సూరెన్సులు, వాటితో పాటు నాన్న నోటుపుస్తకాలు మూడు దొరికాయి. తేదీ, మీటరు, పోసిన పెట్రోలు, ఎక్కడికి పోయింది, ఏం బాగుచేయించింది, అన్నీ తెలుగులో రాసి ఉన్నాయి. మేము ముగ్గురం నేల మీద కూర్చుని తిరగేశాం. 1988లో హిందూపురానికి పద్నాలుగు సార్లు పోయాం. 1997లో తొమ్మిది. 2006లో నాలుగు. 2012లో రెండు. 2019లో ఒక్కసారి, పక్కన 'ఒంటరిగా' అని రాసి ఉంది. మామ కూతురి పెళ్ళి అది. మాకెవరికీ సెలవు దొరకలేదు, అమ్మకి ఆ వారం జ్వరం.

అప్పటిదాకా ఫియట్ పోతే ఊరితో తెగిపోతుందని మాకొక దిగులు ఉండేది. పుస్తకం చూశాక అర్థమైంది. బండి ఆగక ముందే మేము ఆగిపోయాం.

కాగితాల పని చెప్పి తీరాలి, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఇదే పరిస్థితి. యజమాని పోయాక బండిని వారసుల పేరు మీదికి మార్చాలంటే ఫారం 31 ఇవ్వాలి. పోయిన మూడు నెలల్లోపు ఇవ్వాల్సింది, మేము నాలుగేళ్ళకి ఇచ్చాం. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, మిగతావాళ్ళకి అభ్యంతరం లేదని అఫిడవిట్లు. ఇది కాక, పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఐదేళ్ళకి ఒకసారి ఆర్సీ పునరుద్ధరణ ఉంటుంది. నాన్న 2019లో చేయించారు, 2024లో అది చెల్లిపోయింది. దానికి బండిని నడిపించి చూపించాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము కారుకి 5,000 అయింది, ఆలస్యానికి వేరే. మేము కట్టిన కొద్ది నెలలకే, 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి దాన్ని 10,000 చేశారు. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్ళు అమ్మినా, అమ్మకపోయినా ఈ రెండూ ముందే చూసుకోండి.

నడిపించి చూపించాలంటే ముందు అది నడవాలి కదా. యలహంక పాత ఊళ్ళో నాన్నకి ఎన్నో ఏళ్ళుగా తెలిసిన మెకానిక్ భాయ్ వచ్చి కవరు తీశారు. టాంకులో ఐదేళ్ళ పెట్రోలు జిగటగా మారి అడుగున తుప్పుతో కలిసిపోయింది. టైర్లు నేలకి ఆనిన చోట చదునైపోయాయి. బ్రేకు సిలిండర్లు పట్టేశాయి. పెట్రోలు రబ్బరు పైపులు ముట్టుకుంటే విరిగాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతం దాకా ఉంటుంది, అది పాత రబ్బరుకి పడదు కాబట్టి పైపులు, వాషర్లు దానికి తట్టుకునేవే వేయాలని చెప్పారు. ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. బానెట్టు మీద చెయ్యి పెట్టి "సార్ ఉంటే ఇలా ఉండేది కాదు" అన్నారంతే. అది చాలు.

మూడు వారాల పని, 38,000 ఖర్చు. ఇంజను మొదటిసారి అందుకున్నప్పుడు షెడ్డు నిండా తెల్లటి పొగ. వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి విన్నది. "టపటప ఇంకా ఉంది. ఆయన ఉన్నప్పుడు ఇంత ఉండేది కాదు" అంది. భాయ్ వాల్వులు మళ్ళీ సరిచేశారు. ముప్పై నాలుగేళ్ళు ఆదివారాలు వంటింట్లో నిలబడి ఆ ఇంజను విన్న మనిషి ఆమె. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

మే నెలలో యలహంక ఆర్టీఓ నుంచి కొత్త ఆర్సీ వచ్చింది. యజమాని స్థానంలో అమ్మ పేరు. జీవితమంతా వెనక సీటులో సంచుల మధ్య కూర్చుని వచ్చిన మనిషి కొద్ది వారాల పాటు ఆ బండికి యజమాని అయింది. ఆ కార్డుని రెండు రోజులు దేవుడి గదిలో పెట్టుకుంది. మేము నవ్వితే "నవ్వండప్పా, నాకు తెలీకుండా కొన్నది, నేను సంతకం పెడితేగాని పోదు" అంది.

కొనేవాళ్ళు నలుగురు వచ్చారు. గుజిరీ వ్యాపారి ఒకాయన ఇనుము బరువు లెక్కగట్టి 22,000 అన్నాడు. పెళ్ళిళ్ళకి పాత బండ్లు అద్దెకిచ్చే ఆయన ఎర్ర రంగు వేయించుకుంటానని 90,000 అన్నాడు. ఒక హోటలు యజమాని 1,75,000 ఇస్తానన్నాడు. ముందు భాగం కోసి హోటల్లో క్యాషు కౌంటరు చేయిస్తాడట, దీపాలు వెలిగేట్టు. నాలుగో ఆయన దొడ్డబళ్ళాపురంలో పాలిటెక్నిక్ లెక్చరరు. 1,10,000 మించి ఇవ్వలేనన్నారు. జాకీ, టార్చి తానే తెచ్చుకున్నారు. కిందికి దూరి గంటసేపు చూశారు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, ఆదివారాలు పిల్లల్ని ఎక్కించుకుని ఘాటి సుబ్రహ్మణ్యం దాకా పోయొస్తానని కన్నడంలో చెప్పారు.

65,000 తేడా. రూము కట్టడానికి ఆ డబ్బు అవసరమే. మేము మళ్ళీ వాదనలోకి దిగబోయాం. అమ్మ ఆర్సీ కార్డు తీసి చూపించింది. యజమాని ఆమె. లెక్చరరుగారికి ఇచ్చింది.

ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి. పేరు మారేదాకా మేము ఊరుకోలేదు. బండి అమ్మేసినా కాగితాల మీద పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత పాత యజమానిదేనని 2018లో సుప్రీం కోర్టు చెప్పింది. మనవాళ్ళలో మొహమాటానికి ఇది వదిలేసేవాళ్ళు చాలామంది.

తీసుకుపోయే రోజు, ఒకసారి చెరువు దాకా ఎక్కించుకుని పోదామా అని అమ్మని అడిగాం. మాకు సినిమాలా ఒక ఆఖరి ప్రయాణం కావాలనిపించింది. అమ్మ ఒప్పుకోలేదు. "ఎక్కేది కష్టం, దిగేది ఇంకా కష్టం. మీకు కావాలంటే మీరు పోండి." నిమ్మకాయలు మాత్రం తెచ్చి చక్రాల కింద పెట్టింది. కొనేటప్పుడు పెట్టాల్సింది అమ్మేటప్పుడు పెట్టావేమని అక్క అడిగితే, "కొనేటప్పుడు నేను మాట్లాడలేదు కదా" అంది.

లెక్చరరుగారికి నాన్న నోటుపుస్తకాల్లోని మరమ్మతుల పేజీలు ఫోటో తీసి ఇచ్చాం. తెలుగు చదవడం రాదు, భార్యకి వచ్చునన్నారు. చీర ముక్క, చెంబు కూడా ఇచ్చి తడిగుడ్డ సంగతి చెప్పాం. ఆయనకి అది ముందే తెలుసు. బ్రేకుల మీద మాకింకా అనుమానం ఉండి రాజానుకుంటె దాకా వెనకాలే మా కారులో పోయాం. ఆ రోడ్డు మీద ఫియట్‌ని వెనక నుంచి చూడటం మాకు అదే మొదటిసారి. ఎప్పుడూ లోపలే ఉండేవాళ్ళం. అంత చిన్న బండా అనిపించింది. రైల్వే గేటు దగ్గర లారీ ఒకటి మధ్యలోకి వచ్చింది. ఆ తర్వాత కనిపించలేదు.

రూము సెప్టెంబరుకి పూర్తయింది. వంటింటి గోడకి తలుపు కొట్టించాం. నేల మీద ఇంజను ఆయిలు మరక ఎంత కడిగినా పోలేదు, దాని మీదే టైల్స్ వేశారు. అమ్మ మంచం ఫియట్ ఉన్న చోటే ఉంది. స్నానాల గది డిక్కీ ఉండే చోట.

దసరాకి హిందూపురం పోయాం. ఎన్నో ఏళ్ళ తర్వాత ముగ్గురం, పిల్లలతో సహా. మా పిల్లలకి తెలుగు మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. గౌరిబిదనూరు దాటాక బండి నెమ్మది చేసి, ముందు చదివినవాళ్ళకి వంద రూపాయలన్నాం. మొదటి బోర్డుకి ఎవరూ నోరు తెరవలేదు. రెండో దానికి డాలస్ పిల్ల ఒక్క అక్షరం పట్టుకుంది: "ఇది 'మ' కదా? అమ్మ లో 'మ'?" వంద రూపాయలు ఇచ్చేశాం. నాన్న అయితే మొత్తం చదవందే రూపాయి ఇచ్చేవారు కాదు.

ఒక్క అలవాటు మాత్రం మాకు పోలేదు. ఆ గదికి ఇంకా కొత్త పేరు రాలేదు. ఎవరైనా ఇంటికొచ్చి "అమ్మగారు ఎక్కడ?" అని అడిగితే, మా నోటికి ముందు వచ్చేది పాత మాటే. "అమ్మ షెడ్డులో పడుకుని ఉంది" అంటాం. వాళ్ళు మా వైపు చూసే చూపుకి, ఇదంతా మొదటినుంచీ చెప్పుకోవాల్సి వస్తుంది.